ముప్పై తలల హెడ్‌ఫోన్

మా కార్యాలయంలో టేపు పెడితే పాట బాగానే వినబడేది. అది లోపమని ఆధునికీకరణ ఉత్తర్వు వచ్చేదాకా మాకెవరికీ తెలియదు.

మాది విజయనగరంలోని ప్రాంతీయ శ్రవణ భాండాగారం. ఎప్పుడెప్పుడో ఊళ్లు తిరిగి పట్టుకొచ్చిన హరికథలు, బుర్రకథలు, దంపుళ్ల పాటలు టేపుల్లో చుట్టి ఇనప బీరువాల్లో దాచడం మా పని. నేను శ్రవణ విభాగం సూపరింటెండెంటుని. ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే బీరువాలోంచి టేపు తీయించి, వాళ్ల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి వినిపించేవాణ్ణి. ఆంప్లిఫయర్ నా సర్వీసు కన్నా పాతది. హెడ్‌ఫోన్లు దానితోపాటు పుట్టినవే. నల్లగా, లావుగా, తల మీద పెట్టుకుంటే మెడ కుంగిపోయేలా ఉండేవి. కాని పాడిన మనిషి తాంబూలం వేసుకుని పాడిందో లేదో కూడా వాటిలో తెలిసిపోయేది.

ఉత్తర్వులో ఇలా ఉంది: "కాలం చెల్లిన శ్రవణ పరికరాలను తక్షణమే తొలగించి అధునాతన పరికరాలను సమకూర్చుకోవలెను." తొలగించడానికి మాకు అభ్యంతరం లేదు. చిక్కల్లా పద్దుల దగ్గర వచ్చింది. హెడ్‌ఫోన్లు చిల్లర సామగ్రి పద్దులోవి. ఆంప్లిఫయర్ స్థిరాస్తి పద్దులోది. చిల్లర పద్దులో నిధులున్నాయి. స్థిరాస్తి మార్చాలంటే అది ముందు పూర్తిగా చెడిపోవాలి, చెడిపోయినట్టు ముగ్గురు ఇంజనీర్లు ఒప్పుకోవాలి. మా ఆంప్లిఫయర్‌కి చెడిపోయే బుద్ధి లేదు. అందుకని హెడ్‌ఫోన్లు మాత్రం మార్చాం. ఒక్క జత చాలు గాని, పద్దులో డబ్బు మిగిలితే వచ్చే ఏడాది కోత పడుతుందని పెట్టెలకొద్దీ తెప్పించాం. పాతవాటిని ఎవరూ దుర్వినియోగం చేయకుండా, నిబంధన ప్రకారం సాక్షుల ఎదుట సుత్తితో పగలగొట్టి తుక్కు కింద వేలం వేశాం.

కొత్తవి చూడముచ్చటగా ఉన్నాయి. దూదిలా తేలిక. మా సంచాలకులు డాక్టర్ చామర్తి విరూపాక్షరావు గారు కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, మొదటి జత ధరించారు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. తీసి చేతిలో పట్టుకుని, "గాంభీర్యం పెరిగింది," అన్నారు. చప్పట్లు కొట్టాం. తరువాత నేను విన్నాను. ఖాళీ గంగాళంలో తల పెట్టి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. నేను కూడా గాంభీర్యం పెరిగిందనే రాశాను.

మొదటి దరఖాస్తుదారు ఆ వారమే వచ్చింది. రేగాన దాలమ్మ. గంట్యాడ దగ్గర పల్లె. బుర్రకథలో వంత పాడి, డక్కీ వాయించి, జీవితమంతా అక్క ఎర్నమ్మ పక్కన నిలబడిన మనిషి. ఎర్నమ్మ కథ చెప్పేది, ఈవిడ తందాన అనేది. ఎర్నమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు దాలమ్మే ఓ దళాన్ని తయారు చేసుకుని, పండక్కి అక్క చెప్పిన నాగులమ్మ కథ చెప్పడానికి ఒప్పుకుంది. అందులో కోట తలుపుల ఘట్టం అక్కకు తప్ప ఎవరికీ రాదు. నాగులమ్మ రాజుగారికి మొర పెట్టుకుందామని కోటకి వెళ్తుంది. ఒక తలుపు దాటితే ఇంకో తలుపు, ఒక బంట్రోతు దాటితే ఇంకో బంట్రోతు. ఆ బంట్రోతులతో ఆవిడ వాదులాటే ఆ ఘట్టమంతా.

"నాను తందాన అనీదాన్నే గాని కత సెప్పినదాన్ని కాదు బాబూ. మా అప్ప ఉన్నాది గదా అని నేర్చుకోనేదు. మీ కాడ టేపు ఉన్నాదట. ఓపాలి ఇనీసి ఎల్లిపోతాను," అంది.

టేపు ఉంది. ఇంకో ప్రతి మాత్రం లేదు. ప్రతులు తీసే విభాగం మంజూరైంది గాని మనుషులు మంజూరు కాలేదు. మిషను నడిపే అప్పలస్వామి టేపు తగిలించాడు. దాలమ్మ కొత్త హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు కూర్చుంది. మొహం చిన్నబోయింది.

"ఇది మా అప్ప గొంతు కాదు బాబూ. ఎవలో మగోడు నూతిలోంచి అరస్తన్నాడు. ఒక్క ముక్క తెలీడం నేదు."

ఫిర్యాదు ఎంత చిన్నదైనా పైకి పంపాలి. పంపాను. విరూపాక్షరావు గారు మొదట "దరఖాస్తుదారుని చెవులు పరీక్షింపబడినవా?" అని రాశారు. ఆనక, ఎందుకైనా మంచిదని ఇంజనీరింగు కాలేజీ నుంచి ఒక లెక్చరరు గారిని పిలిపించారు. ఆయన మీటరు తెచ్చుకుని కొలిచి, టీ తాగేలోపల తేల్చేశారు.

"మీ ఆంప్లిఫయర్‌కి లోపల దాని సొంత అడ్డు ఉందండి, నూట ఇరవై ఓమ్‌లు. ఈ హెడ్‌ఫోన్ ముప్పై రెండే. ఇచ్చేదాని అడ్డు పుచ్చుకునేదాని అడ్డులో ఎనిమిదో వంతు మించకూడదు. మించితే ఇలాగే బొంగురు పోతుంది. ఓ చిన్న ఆంప్లిఫయర్ కొనుక్కోండి, సరిపోతుంది."

"ఆంప్లిఫయర్ స్థిరాస్తి," అన్నారు సంచాలకులు.

"అయితే ఓమ్‌లు ఎక్కువుండే హెడ్‌ఫోన్లు కొనండి."

"ఇప్పుడే కొన్నాం."

లెక్చరరు గారు మీటరు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆయన వదిలి వెళ్లిన ఎనిమిదో వంతు మాత్రం సంచాలకుల వారిని వదల్లేదు. భోజనంలో పప్పు ఎనిమిదో వంతు ఉందా అని చూసుకునేవారట. మూడో రోజున మమ్మల్నందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా, ఆంప్లిఫయర్‌ను మార్చజాలము. హెడ్‌ఫోన్‌ను మార్చజాలము. కావున మార్పు లేకుండానే మార్పు సాధించవలసిన చారిత్రక బాధ్యత మనపై ఉన్నది. నిన్న మా మేనకోడలి పెళ్లి పందిట్లో రంగు బల్బుల దండ చూచితిని. ఒక బల్బు తోక మరొక బల్బుకు తగిలించబడి ఉన్నది. హెడ్‌ఫోన్లను అట్లే తగిలించిన యెడల ఓమ్‌లు కూడుకొనును. ఎన్ని కావలెను? నూట ఇరవైకి ఎనిమిది రెట్లు తొమ్మిది వందల అరవై. ముప్పై రెండు చొప్పున ముప్పై హెడ్‌ఫోన్లు. మన వద్ద పెట్టెలలో మూలుగుచున్నవి."

టైపిస్టు రత్నమాల గారు కాగితం మీద గుణించి చూసి, "సరిగ్గా సరిపోయిందండీ," అన్నారు. ఆంప్లిఫయర్‌కీ హెడ్‌ఫోన్లకీ జత కుదర్చడానికి అక్కడికక్కడే సరిజోడు సంఘం ఏర్పడింది. సంచాలకులు అధ్యక్షులు, నేను కన్వీనరుని.

ఇక్కడ ఒక సంగతి గర్వంగా చెప్పాలి. ఇది పని చేసింది. ముప్పై హెడ్‌ఫోన్లు దండగా కట్టి, ముప్పై మందిమి పెద్ద హాల్లో వరసగా కూర్చుని, అప్పలస్వామి మీట నొక్కగానే ఎర్నమ్మ పలికింది. బొంగురు లేదు, నుయ్యి లేదు, మగాడు లేడు. పలకని అక్షరం లేదు. కాకపోతే ముప్పై మంది పంచుకున్న గొంతు కనుక సన్నగా, పక్కింటి పెరట్లో ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు వినబడింది. ఊపిరి బిగబట్టుకుని వినాల్సి వచ్చింది.

*మొదటి తలుపు కాడ నిలిచి నాగులమ్మ*
*మొగసాల బంట్రోతు నడిగెనమ్మా*
*తలుపు తీస్తేను తలుపుండెను*
*తలుపెనక మళ్లీ తలుపుండెను*
*తందాన తాన*

పని చేసిన పథకానికి నియమావళి కావాలి. దండలో ఏ ఒక్కరు తీగ లాగినా ముప్పై మందికీ పాట ఆగిపోతుంది. బల్ల మీద ఖాళీగా పెట్టిన హెడ్‌ఫోన్ వల్ల కూడా గొంతు కొంచెం మారుతోందని సంఘం పసిగట్టింది. కనుక ముప్పై హెడ్‌ఫోన్లూ ముప్పై తలల మీద ఏకకాలంలో ఉండి తీరాలి. ప్రభుత్వ ఆస్తి కనుక ఆ తలలు ప్రభుత్వోద్యోగులవై ఉండాలి. దీనికి పూర్ణ శ్రవణం అని పేరు పెట్టాం. మా సిబ్బంది డ్రైవరు, స్వీపరుతో కలిపి ఇరవై ఆరుగురు. మిగతా నాలుగు తలలను, మొదటి రోజు నోటిమాటతో అరువు తెచ్చినవాటినే, పక్క కాంపౌండులోని చేపల పెంపకం కార్యాలయం నుంచి డెప్యుటేషను మీద తెచ్చుకున్నాం.

ఆ రోజు నుంచి మా జీవితాలు ఒకే తీగకు వేలాడాయి. అప్పలస్వామి బీడీకి లేస్తే సంచాలకుల చెవిలో నాగులమ్మ ఆగిపోయేది. గుమాస్తా ఒకాయన బావమరిది పెళ్లికి సెలవడిగితే, "ఓమ్‌ల కొరత దృష్ట్యా నిరాకరించడమైనది, పెళ్లి కుమారునకు ఆశీస్సులు," అని వచ్చింది. డ్రైవరు చిన్న తలకు హెడ్‌ఫోన్ నిలవకపోతే, తలపాగా చుట్టుకోవలెనని ఉత్తర్వు ఇచ్చాం. డెప్యుటేషను మీద వచ్చిన పెద్దమనిషి ఒకాయన వినడం మొదలవగానే నిద్రపోయేవాడు. నిద్రపోయినా ఓమ్‌లు తగ్గవని సంఘం తీర్పు చెప్పింది. ఉదయం అంతా శ్రవణం, మధ్యాహ్నం శ్రవణం మీద నివేదిక. ఇతర పనులు ఆగిపోయాయని ఒకరిద్దరన్నారు గాని, అంతకుముందు ఏ పనులు జరిగేవో వాళ్లు చెప్పలేకపోయారు.

ఇంతకీ దాలమ్మ ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. వరండాలో బల్ల మీద ఉంది. రోజూ మొదటి బస్సుకి వచ్చేది, ఆఖరి బస్సుకి వెళ్లేది. హాలు తలుపు మూసి ఉండేది. లోపల ముప్పై మందిమి ఆవిడ అక్క గొంతు వింటున్నామని ఆవిడకు తెలుసు.

"నాకూ ఓ సెవి డిప్ప ఇచ్చీండి బాబూ. ఓ మూల కూకుంటాను," అంది ఒకరోజు.

నేను వివరించాను. "ముప్పై ఒకటో జత కలిపితే తొమ్మిది వందల తొంభై రెండు అవుతుంది దాలమ్మ గారూ. ఎనిమిది రెట్లు దాటిపోతుంది. నియమావళి ఒప్పుకోదు."

"అయితే ఒకలు లెగండి. ఆ నిద్రపోయీ ఆయన లెగిస్తే ఏటి?"

"ఆయన ఉద్యోగి. మీరు దరఖాస్తుదారు."

ఆవిడ నా మొహంలోకి చూసి, వెళ్లి బల్ల మీద కూర్చుంది. పండక్కి ఇక నెల కూడా లేదు. అటుగా వెళ్లినప్పుడల్లా పెదవులు కదుపుతూ కనబడేది. మొదటి తలుపు దగ్గర మొదలుపెట్టి, రెండో తలుపు దగ్గరికి వచ్చి, ఆగి, మళ్లీ మొదటికి వచ్చేది. నాకు ఆ రెండో తలుపు నోటికి వచ్చు. చెప్పి ఉండవచ్చు. కాని టేపులోని విషయాన్ని వరండాలో వెల్లడించడానికి నాకు అధికారం లేదు.

దరఖాస్తుదారుకి వినిపించే ముందు శ్రవణం నిర్దుష్టమని సంఘం ధ్రువీకరించాలి. సాంకేతిక శ్రవణం అయింది, పరిపాలనా శ్రవణం అయింది, తుది శ్రవణం అయింది. అప్పుడు బయటపడింది మూడో తలుపు సంక్షోభం.

మూడో తలుపు దగ్గర నాగులమ్మ నోరు తెరవబోయే ముందు టేపులో ఒక చప్పుడు. "ఖ్ఖుహుఁ" అని. సంచాలకులు చెయ్యెత్తి ఆపించారు. ఆంప్లిఫయర్ దోషమా, హెడ్‌ఫోన్ దోషమా, జోడింపు దోషమా తేలాలి. అక్కడికే వెనక్కి తిప్పి మళ్లీ విన్నాం. ఎడమ వరస చెవి మార్చుకుని విన్నాం. కుడి వరస నిలబడి విన్నాం. పేర్ల అక్షరక్రమంలో కూర్చుని విన్నాం, జీతాల క్రమంలో కూర్చుని విన్నాం. ప్రతిసారీ అదే చోట అదే చప్పుడు.

"ఎవరో దగ్గినట్టుందండీ," అన్నారు రత్నమాల గారు.

దగ్గుకు ఓమ్‌లు ఉండవు కనుక ఆ అభిప్రాయం నమోదు చేయలేదు.

వారాలు గడిచాయి. టేపు తిరిగిన దారిలో గోధుమరంగు పొడి రాలడం మొదలైంది. అప్పలస్వామి గుడ్డతో తుడిచి పారేయబోతే సంచాలకులు వారించారు. అది భాండాగారపు ఆస్తి. సీసాలో పోసి, "రేగాన ఎర్నమ్మ, కోట ఘట్టం, చూర్ణ రూపం" అని చీటీ అంటించి బీరువాలో పెట్టించారు. సీసా నిండుతున్నకొద్దీ మాకు సంతృప్తిగా ఉండేది. పని జరుగుతోందనడానికి కళ్లకు కనబడే సాక్ష్యం అదొక్కటే.

ప్రధాన సంచాలకులు తనిఖీకి వచ్చారు. ఆయన కూడా వింటానన్నారు. ఆయన కోసం అప్పలస్వామిని లేపి ఆ హెడ్‌ఫోన్ ఆయనకు పెట్టాం. విని, "పరమాద్భుతం. మన శాఖలో ఇంత మంది ఉద్యోగులు ఏకకాలంలో మెలకువగా ఉండటం నేనెన్నడూ ఎరుగను," అన్నారు. ఆ నిద్రపోయే ఆయన పక్కనే ఉన్నా ఆయన గమనించలేదు. ఆయన కారెక్కి వెళ్లగానే వరండాలోంచి దాలమ్మ లేచి నిలబడింది.

"బాబూ, ఆ పెద్దాయన కూకుంటే ఓములు సరిపోనాయి గదా. నాను కూకుంటే ఎందుకు సరిపోవు?"

మా సంచాలకులు దగ్గి, "ఆ విషయము పరిశీలనలో ఉన్నది," అన్నారు. పరిశీలనలో లేదు. అలా అన్నారు గనక నేను ఒక ఫైలు తెరిచాను.

పండగ ఇంకో వారం ఉందనగా ఆపద వచ్చిపడింది. చెరువుల వేలం ఉందని చేపల కార్యాలయం వాళ్లు నిద్రపోయే ఆయన్ని వెనక్కి పిలిపించేసుకున్నారు. ఇరవై తొమ్మిది తలలు మిగిలాయి. ముప్పై రెండు ఓమ్‌లు లోటు. తుది ధ్రువీకరణ మర్నాడే. సంచాలకుల వారు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, "ఒక్క తల, సూపరింటెండెంట్ గారూ, ఒక్క తల," అనడం మొదలుపెట్టారు. తిరిగి తిరిగి బల్ల దగ్గర ఆగారు. బల్ల మీద ఒక తల ఉంది.

ఆ సాయంత్రమే దాలమ్మను ఒక రోజుకు ముప్పై రెండు ఓమ్‌ల తాత్కాలిక ఉద్యోగిగా నియమించాం. రెండు చెవులూ ఉన్నట్టు డాక్టరు చేత రాయించాం. ప్రమాణం చేయించాం. ఆవిడ వేలిముద్ర వేసి, "ఇనీయొచ్చా ఇప్పుడు?" అంది.

"రేపు పదకొండింటికి," అన్నాను.

మర్నాడు ఆవిడ తల దువ్వుకుని, జరీ అంచు చీర కట్టుకుని, డక్కీ చంకన పెట్టుకుని వచ్చింది. కచేరీకి వచ్చినట్టుందే గాని ఉద్యోగానికి వచ్చినట్టు లేదు. నిద్రపోయే ఆయన కుర్చీలో కూర్చోబెట్టాం. నా పక్క కుర్చీ అది. హెడ్‌ఫోన్ నేనే సర్దాను. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ముప్పై తలలు సరిచూసుకుని సంచాలకులు వేలెత్తారు. అప్పలస్వామి ఒక చేత్తో హెడ్‌ఫోన్ అదుముకుని ఇంకో చేత్తో మీట నొక్కాడు.

చక్రాలు తిరిగాయి. సన్నటి ఊపిరి లాంటి చప్పుడు వచ్చింది. కాసేపటికి అది కూడా లేదు. టేపు అద్దం ముక్కలా ఇటునుంచి అటు కనబడుతూ తిరుగుతోంది. ఎర్నమ్మ మొత్తం సీసాలో ఉంది.

నేను పక్కకు చూశాను. దాలమ్మ కళ్లు తెరిచింది.

"ఏటీ ఇనపడ్నేదు బాబూ," అంది నెమ్మదిగా. "నాకేనా, మీకందరికీనా?"

ముప్పయ్యేళ్ల సర్వీసులో నాకు సిగ్గేసిన క్షణం అది. సంచాలకులు మాత్రం కళ్లు అరమోడ్చి, "బొంగురు లేదు. గురగుర లేదు. మూడో తలుపు చప్పుడు కూడా పోవును, చూడండి. సంపూర్ణ సరిజోడు," అంటున్నారు. టేపు తిరుగుతూనే ఉంది.

అప్పుడు రత్నమాల గారు అన్నారు, ఆవిడకే తెలియకుండా, రోజూ ఆ వేళకు లోపల పాడుకునే అలవాటుతో.

*మొదటి తలుపు కాడ నిలిచి నాగులమ్మ...*

డ్రైవరు అందుకున్నాడు. *మొగసాల బంట్రోతు నడిగెనమ్మా.* తలపాగా ఊపుకుంటూ అన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి గనక తాను ఎంత గట్టిగా అంటున్నాడో అతనికి తెలియలేదు. గుమాస్తాలు, స్వీపరు, చేపల కార్యాలయం వాళ్లు అందరూ *తలుపు తీస్తేను తలుపుండెను* అన్నారు. పాట టేపులోంచి వస్తోందనే అందరూ అనుకుంటున్నారు. ఒక్కొక్కరి మొహంలో ఎంత స్పష్టంగా ఉందో అన్న ఆనందం. సంచాలకులు కుర్చీలోంచి లేచి, రెండో తలుపు బంట్రోతై, చెయ్యి అడ్డంపెట్టి గర్జించారు.

*ఎవరివే నువ్వెవరివే, ఏ ఊరి దానివే*
*చీటీ లేని దానికి కోట చూపులేలనే*

ఆయన గొంతులో అంత సహజత్వం ఉంటుందని నేననుకోలేదు.

దాలమ్మ హెడ్‌ఫోన్ తీసేసింది. తీసే ఊపులో తీగ ఊడి చేతిలోకి వచ్చింది. నియమావళి ప్రకారం ఆ క్షణమే ముప్పై మందికీ పాట ఆగిపోవాలి. ఎవరికీ ఆగలేదు. ఆవిడ తీగ పక్కన పెట్టి, డక్కీ ఒళ్లోకి తీసుకుని, మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ తాళం వేయడం మొదలుపెట్టింది. వంత మర్చిపోయిన చోట తానే తందాన అంది. రెండో తలుపు తెరుచుకుంది.

మూడో తలుపు వచ్చింది. నాగులమ్మ నోరు తెరవబోయే ముందు మేము ఇరవై తొమ్మిది మందిమి, సంచాలకులతో సహా, ఒకే చోట, ఒకే తీరున "ఖ్ఖుహుఁ" అని దగ్గాం.

డక్కీ ఆగింది. దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. అంటే రెండూనేమో.

"ఓలమ్మా," అంది. "అది మా అప్ప దగ్గు. ఆ రోజు మిరపకాయల బండి మీద ఒచ్చినాం రికార్డింగుకి. ఘాటు పట్టీసినాది. ఈ మూడో తలుపు కాడే దగ్గినాది. నాను నవ్వీసినానని తరవాత నన్ను తిట్టినాది." మళ్లీ నవ్వింది. "ఆపీకండి బాబూ. సెప్పండి, సెప్పండి."

మేము ఆపలేదు. ఏడు తలుపులూ తెరిచి నాగులమ్మను రాజుగారి ముందు నిలబెట్టాకే హెడ్‌ఫోన్లు తీశాం. దాలమ్మ రెండోసారి చెప్పించుకుంది. మూడోసారి తనే చెప్పింది, మేము తందాన అన్నాం. మధ్యాహ్నం నివేదిక ఎవరూ రాయలేదు.

పండక్కి ఆవిడ దళం కథ చెప్పింది. కార్యాలయమంతా వెళ్లాం, సెలవు పెట్టకుండానే. కోట ఘట్టం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. మూడో తలుపు దగ్గర దాలమ్మ ఆగి, జనంలో మా వైపు చూసి, దగ్గింది. మా సంచాలకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ తరువాతి సంగతులు పాలనాపరమైనవి. సంచాలకులు పైకి పంపిన నివేదికలో, ఆంప్లిఫయర్‌ను హెడ్‌ఫోన్లకు ఎంత చక్కగా జోడించినప్పటికీ, టేపు లేనప్పుడు శ్రవణం ఇంకా మెరుగుగా ఉన్నట్టు పరీక్షల్లో తేలిందని రాశారు. పైవారు సంతోషించి, ముప్పై మందినీ భాండాగారపు సామగ్రిగా నమోదు చేయమన్నారు. అందరికీ నంబర్లు వచ్చాయి. నిద్రపోయే ఆయనకు కూడా వచ్చింది గాని, ఆయనలో ఏమీ లేదని తేలాక కొట్టేశారు. నేను ఆ ఏడాది చివరనే రిటైరు కావాలి. నా కాగితాలు వెనక్కి వచ్చాయి. "సదరు వస్తువు పూర్తి ఘట్టము కలిగి ఉన్నందున ఆవరణ దాటించరాదు," అని ఉంది. నన్ను ఏ పద్దులో చూపాలో ఇంకా తేలలేదు. చిల్లర సామగ్రినో, స్థిరాస్తినో.

దాలమ్మ ఇప్పటికీ సంతకి వచ్చినప్పుడు ఓసారి ఇటు వస్తుంది. దరఖాస్తు పెట్టదు. వరండాలో అదే బల్ల మీద కూర్చుని, నేను బయటికి వచ్చేదాకా చూస్తుంది.

"కత నాకొచ్చీసినాది బాబూ, అదేటీ వొద్దు," అంటుంది. "మా అప్ప దగ్గు ఓపాలి దగ్గు."

జోడింపు లేని శ్రవణం నిబంధనలకు విరుద్ధం. సంచాలకుల గది తలుపు మూసి ఉందో లేదో చూసుకుంటాను. ఆనక దగ్గుతాను.